మొదటి ట్రిప్పు

మా బస్సుల షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. రిపేరైన బస్సు మళ్ళీ రోడ్డెక్కిన రోజు, దాని మీద ఎవరెవరి చెయ్యి పడిందో వాళ్ళంతా మొదటి ట్రిప్పులో అందులోనే కూర్చుని వెళ్ళాలి. బ్రేకులు బిగించినవాడు, టైరు మార్చినవాడు, సీటు కుట్టినవాళ్ళు, ఎవరైనా సరే. "మనం ఎక్కడానికి భయపడే బండిలో జనాన్ని ఎక్కిస్తామా?" అనేవాడు బ్రేకుల బాబాయి. షెడ్డుకి పెద్ద మేస్త్రీ ఆయనే. నాకు చుట్టమేమీ కాదు గానీ, ఆ షెడ్డు నీడన పెరిగిన పిల్లలందరికీ ఆయన బాబాయే. యజమానులు మారారు, బస్సుల రంగులు మారాయి, ఆ కట్టుబాటు మాత్రం మారలేదు.

నేను చదువుకున్నది ఆ కట్టుబాటు పుణ్యమా అనే. అదెలాగో చెప్పాలంటే నా పదో తరగతి పరీక్షలైపోయిన ఎండాకాలం దగ్గర మొదలుపెట్టాలి.

మా అమ్మ ఆ షెడ్డులో బస్సులు కడిగేది. వెనక గోడకి ఆనించి కట్టిన ఒక్క గదిలో అమ్మా, అక్కా, నేనూ ఉండేవాళ్ళం. నాన్న పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. ముగ్గురం ఒకేసారి కాళ్ళు చాపుకుంటే గది తలుపు తెరుచుకునేది కాదు. అందుకని నేను పుస్తకం పట్టుకుని, రిపేరు కోసం ఆగి ఉన్న బస్సుల్లో దూరేదాన్ని. వెనక సీటు మీద చేరితే అడిగేవాళ్ళుండరు, కిటికీల్లోంచి గాలి వస్తుంది, పైగా సీటు మెత్తగా ఉంటుంది. ఒకరోజు మధ్యాహ్నం అలా చదువుకుంటూనే నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి బస్సు నడుస్తోంది.

ముందు సీట్లో బ్రేకుల బాబాయి కూర్చుని ఉన్నాడు. వెనక్కి తిరిగి నన్ను చూసి కళ్ళు పెద్దవి చేశాడు.

"ఏమే, ఈ బండికి నువ్వేం చేశావు?"

"ఏం చెయ్యలేదు బాబాయ్."

"ఏమీ చెయ్యనివాళ్ళు మొదటి ట్రిప్పు ఎక్కకూడదని తెలీదూ?" అంటూ లేచొచ్చి నా పక్కన కూలబడ్డాడు. నా చేతిలో పుస్తకం లాక్కుని, తిరగేసి మరగేసి చూశాడు. "లెక్కల పుస్తకం అంటున్నావు, అంకెల మధ్యలో ఈ అక్షరాలేంటి? అచ్చు తప్పా?"

"కాదు బాబాయ్, పెద్ద తరగతుల లెక్కలు అలాగే ఉంటాయి. ఇది పై తరగతి పుస్తకం. ఎవరో బస్సులో మర్చిపోతే అమ్మ తెచ్చిచ్చింది."

"మరి పై తరగతికి ఎప్పుడెళ్తావు?"

"వెళ్ళను. వచ్చే నెల నుంచి అక్కతోపాటు అట్టపెట్టెల షెడ్డుకి వెళ్తాను. అమ్మ మాట్లాడేసింది."

ఆయన దారి పొడుగునా బ్రేకు పడ్డప్పుడల్లా చెవి ఒగ్గి విన్నాడు. దిగేటప్పుడు మాత్రం పుస్తకం నాకివ్వకుండా చంకలో పెట్టుకుని పోయాడు.

నాలుగైదు రోజుల తర్వాత, అమ్మ భోజనానికి వచ్చిన వేళ, బాబాయి మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. వెంట గాలి మామ, సీట్ల అత్త ఉన్నారు. వాళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాలు. ఆయన టైర్లకి గాలి పట్టేవాడు. పట్టగా మిగిలింది మాటల్లో పోస్తాడని అత్త దెప్పేది. ఆవిడ చిరిగిన సీట్లు కుట్టేది. సూదంత సూటి మనిషి.

"వదినా," అన్నాడు బాబాయి, "షెడ్డులో అందరం కలిసి చదువు సంఘం పెట్టాం. జీతంలోంచి తలా కాస్త పక్కన పెడతాం. ఏడాదికి ఒక్కరు. ఈ చుట్టుపక్కల చదువు ఆగిపోయేలా ఉన్న పిల్లల్ని పట్టుకుని చివరిదాకా చదివిస్తాం. మొదటి పిల్ల మీ చిన్నది."

అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అమ్మ మాత్రం ముద్ద మింగి, నీళ్ళు తాగి, గోడకున్న మేకు వైపు వేలు చూపించింది.

"ఆ సంచి చూడు మేస్త్రీ."

ఆ మేకుకి ఒక బడిసంచి వేలాడుతోంది. దాని మీద ఏదో గుర్తు సగం చెరిగిపోయి ఉంది. అందులో అమ్మ బస్సులు కడిగే బ్రష్షులు, గుడ్డపీలికలు పెట్టుకునేది. అది అక్కది. మా అక్కని అంతకు ముందు ఒక పెద్ద సంస్థ చదివించడం మొదలుపెట్టింది. సంచి ఇచ్చారు, బూట్లు ఇచ్చారు, ఎవరో దాత పక్కన నిలబెట్టి ఫొటోలు తీశారు. తొమ్మిదో తరగతి సగంలో ఉండగా ఆ దాతకి మనసు మారిందో, ఆయన సంగతే తారుమారైందో తెలీదు. మాకెవరూ చెప్పలేదు. ఒకరోజు బళ్ళో వాళ్ళే అక్కని ఇంటికి పంపేశారు.

"ఎక్కించినప్పుడు అంత హడావిడి, దింపేటప్పుడు చెప్పాపెట్టా లేదు," అంది అమ్మ. "చదువుకోకపోతే పిల్లలు చచ్చిపోతారా? మా పెద్దది బతకట్లేదూ? కానీ సగంలో ఆగినదాని మొహం రోజూ చూసేది నేను. ఇంకో మొహం కూడా చూడమంటావా? నీ మాట మంచిదే మేస్త్రీ, నీ మనసూ మంచిదే. వాళ్ళ మనసులూ అప్పుడు మంచివే."

గాలి మామ నోరు తెరవబోతే అత్త మోచేత్తో పొడిచింది. బాబాయి కాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు.

"వదినా, షెడ్డులో మొదటి ట్రిప్పు ఎవరెక్కుతారు?"

"చెయ్యి పడ్డవాళ్ళు."

"ఈ పిల్లకీ అంతే. డబ్బులిచ్చి చేతులు దులుపుకోం. మేమూ ఎక్కి కూర్చుంటాం."

"బండి వేరు, పిల్ల వేరు."

"వేరే మరి. బండికి నోరు లేదు. దీన్ని నడిదారిలో దింపి చూడు, ఊరంతా లేచేలా అరుస్తుంది."

అమ్మ మొహంలోకి నవ్వు వచ్చీ రానట్టు వచ్చి పోయింది. ఊళ్ళో పెద్ద కాలేజీవాళ్ళు మాబోటి పిల్లల కోసం ఎండాకాలం తరగతులు పెట్టేవారు. చివర్లో పరీక్ష ఉంటుంది, అందులో నెగ్గితే సీటు. "ఈ ఎండాకాలం చూస్తాను," అంది అమ్మ. "సీటు వస్తే అప్పుడు మాట్లాడదాం. రాకపోతే అట్టపెట్టెలే, ఇంకో మాట లేదు."

ఎక్కి కూర్చుంటాం అన్నది బాబాయి మాటవరసకి అన్నాడనుకున్నాను. ఆయన మాటవరసకి మాట్లాడే మనిషి కాదని మొదటి రోజే తెలిసొచ్చింది. కాలేజీ గేటు దగ్గర బస్సు దిగేసరికి నా వెనకే బాబాయి, గాలి మామ, సీట్ల అత్త దిగారు. ఇస్త్రీ చొక్కాల్లో మగవాళ్ళిద్దర్నీ నేను గుర్తుపట్టడానికే కాస్త సమయం పట్టింది. ముగ్గురూ నాతోపాటు తిన్నగా తరగతి గదిలోకి వచ్చేశారు. పిల్లలు కిసుక్కున నవ్వారు. నాకు భూమిలోకి దిగిపోదామా అనిపించింది.

లెక్కల మేడం కళ్ళజోడు సవరించుకుంది. "ఈ అమ్మాయి తాలూకు ఎవరండీ మీలో?"

"ముగ్గురమూనండీ," అన్నాడు గాలి మామ. "ఇంకా చాలామంది ఉన్నాం. మిగతావాళ్ళు డ్యూటీలో ఉన్నారు."

"తరగతిలో పిల్లలే కూర్చోవాలండీ."

బాబాయి ముందుకొచ్చాడు. "మేడం, మా షెడ్డులో ఓ పద్ధతుంది. మేం చెయ్యి వేసిన బండిలో మొదట మేమే ఎక్కుతాం. ఇది మా మొదటి ట్రిప్పండీ. వెనక బెంచీ చాలు, నోరెత్తను."

మేడం ఆయన్ని ఎగాదిగా చూసింది. ఎంత తోమినా పోని గ్రీజు ఆయన గోళ్ళలో నల్లగా ఉంది. ఆ గోళ్ళని చూసిందో, మొహమే చూసిందో గానీ, "ఒక్కరు. ఒక్క వారం," అంది. మామా అత్తా నన్ను తరగతిలో, బాబాయిని వెనక బెంచీలో వదిలి, ఏదో సాధించినట్టు వెళ్ళిపోయారు.

ఆ వారమంతా ఆయన వెనక బెంచీలో కూర్చున్నాడు. రెండోరోజు గుర్రు కూడా పెట్టాడు. పిల్లలు నవ్వితే మేడమే "ష్, ఆయన డ్యూటీ దిగి వచ్చారు," అంది. నేనిప్పుడు అదే కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. వేసవి తరగతులప్పుడు నా గదిలో వెనక బెంచీ ఎవరికీ కేటాయించను. ఎవరైనా తమ పిల్లతో మొదటి ట్రిప్పు రావచ్చు.

అసలు పని తిరుగు బస్సులో ఉండేది. "ఇప్పుడు నాకు చెప్పు," అనేవాడు బాబాయి. ఆయనకి నిజంగానే ఏమీ తెలీదు. అక్షరాల లెక్క చెబితే, "ఆ అక్షరం వెనక ఎంతుందో తెలిసినవాణ్ణే అడగొచ్చుగా, మనకెందుకీ తంటా?" అనేవాడు. నేను విసుక్కునేదాన్ని. ఆయన విసుక్కునేవాడు కాదు. మా స్టాపు వచ్చినా లేవడు. "అర్థమయ్యేదాకా దిగను." ఎన్నోసార్లు స్టాపు దాటిపోయి, ఎండలో వెనక్కి నడిచొచ్చాం. వారం గడువు అయిపోయాక తరగతిలోకి రావడం మానేశాడు గానీ, సాయంత్రం గేటు దగ్గర ఎవరో ఒకరు ఉండేవారు. షెడ్డు జనమంతా వంతులేసుకున్నారు. నేను ఎవరికి వాళ్ళకి అదే పాఠం మళ్ళీ చెప్పాలి. గాలి మామకి పాఠం చెప్పడం ఎంత కష్టమంటే, మధ్యలో ఆయనే నాకు చెప్పడం మొదలుపెట్టేవాడు.

ఇంత చేసినా సగం ఎండాకాలంలో పెట్టిన పరీక్షలో నేను తప్పాను. కొద్దిలో కాదు, బోర్లా పడ్డాను. బళ్ళో అన్నీ తెలుగులో చదివినదాన్ని, ఇక్కడ ప్రశ్న ఇంగ్లీషులో వచ్చేసరికి, వచ్చిన లెక్క కూడా రాకుండా పోయింది. ఇంటికొచ్చి అక్కతో చెప్పేశాను. "రేపట్నుంచి నీతో వస్తాను. అట్టపెట్టెలే నయం."

అక్క ఆరోజు సెలవు మీద ఇంట్లో ఉంది. అట్టల అంచులు కోసుకుపోయిన వేళ్ళకి గుడ్డ చుట్టుకుంటోంది. నా మీద చెయ్యి చేసుకుంటుందేమో అనుకున్నాను. తలెత్తకుండానే అంది. "నన్ను మానేయమన్నవాళ్ళెవరూ నా మొహం చూసి చెప్పలేదు. నువ్వలా చెయ్యకు. వెళ్ళి బాబాయి మొహం చూసి చెప్పు."

షెడ్డులోకి వెళ్ళేసరికి బాబాయి గోతిలో ఉన్నాడు. బస్సు అడుగున నిలబడి పని చేసుకోవడానికి షెడ్డు మధ్యలో తవ్విన గొయ్యి అది. ఆయన బ్రేకులు వేసిన బస్సు ఒకటి మొదటి ట్రిప్పుకి బయల్దేరి, వీధి మలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చేసిందట. డ్రైవరు నడుం మీద చేతులేసుకుని, "ఇవి బ్రేకులు కావు మేస్త్రీ, బతిమాలుకుంటే ఆగే రకం," అని అందరూ వినేలా అంటున్నాడు. అమ్మ పక్క బస్సు కడుగుతూ వింటోంది. ఆయన పనిని షెడ్డులో ఎవరైనా వెక్కిరించడం నేనదే మొదటిసారి చూడడం.

"ఇంకోసారి విప్పుదాం," అన్నాడు బాబాయి. అంతే. చొక్కా తీసి పక్కన పడేసి మళ్ళీ మొదలుపెట్టాడు.

నేను గోతి అంచున కూర్చుని, ఆయన తల పైకెత్తేదాకా ఆగాను. "బాబాయ్, పరీక్ష తప్పాను. మానేస్తాను."

"ఎక్కడ పట్టేస్తోంది?"

నేను ఏడవడానికి సిద్ధమై వచ్చాను. ఆ ప్రశ్నకి ఏడుపు ఎటు పోయిందో తెలీలేదు. "లెక్క వస్తుంది. ప్రశ్నే అర్థం కాదు. ఇంగ్లీషు."

"అయితే ఇంజను బాగానే ఉంది. ఆ స్పానరందుకో."

మర్నాడు సీట్ల అత్త నాతోపాటు కాలేజీకి వచ్చి మేడం గదిలో కుర్చీలన్నీ నొక్కి చూసింది. "స్ప్రింగులు గుచ్చుకోవట్లేదూ మీకు? నేను కుట్టిపెడతాను. మా పిల్లకి రోజూ ఓ గంట ప్రశ్నలు చదవడం నేర్పండి." మేడం ఊరికే నేర్పుతానంది. అత్త ఒప్పుకోలేదు. "ఊరికే వచ్చినవి ఎప్పుడు పోతాయో తెలీదండీ, మా వదినకి బాగా తెలుసు." కుర్చీలు కుట్టింది, నాకు గంట పాఠం వచ్చింది.

రోజూ నేర్చుకున్న మాటలు సాయంత్రం గోతి గోడ మీద సుద్దతో రాసేదాన్ని, పక్కన తెలుగులో అర్థం. బస్సు కిందికి దిగినవాళ్ళంతా అవే చదివేవారు. కొన్నాళ్ళకి గాలి మామ టీ తేగానే, "దీన్ని ఈక్వల్‌గా డివైడ్ చెయ్యండ్రా, రిమైనింగ్ నాకు," అనడం మొదలుపెట్టాడు. గోడ కిందిభాగంలో లెక్కలు రాసేదాన్ని. బాబాయి రెంచీ తిప్పుతూనే, "ఇప్పుడా అక్షరం సంగతి ఏమైంది?" అని అడిగేవాడు.

ఒక సాయంత్రం అక్క పని నుంచి నేరుగా షెడ్డుకొచ్చింది. గోతి అంచున నిలబడి చాలాసేపు చూసింది. నేనొక లెక్క దగ్గర ఆగిపోయి ఉన్నాను. అక్క మెట్లు దిగి, నా చేతిలో సుద్ద తీసుకుని, మిగతా మూడు వరసలూ రాసేసింది. గుడ్డ చుట్టిన వేళ్ళతో రాసినా అక్షరాలు వంకర పోలేదు. రాసి, చేతులు దులుపుకుని, "ఇది మాకు తొమ్మిదిలోనే చెప్పారు," అంది.

కాసేపటికి గోతిలోకి నీళ్ళు కారడం మొదలైంది. పైన చూస్తే అమ్మ పైపు పట్టుకుని అలాగే నిలబడి ఉంది. నీళ్ళు బస్సు మీద కాదు, నేల మీద పడుతున్నాయి. "వదినా, మమ్మల్ని కూడా కడిగేస్తావా ఏంటి?" అని బాబాయి అరిస్తే అప్పుడు పంపు కట్టేసింది.

మర్నాడు పొద్దున్న అమ్మ మేకు మీది సంచిలోంచి బ్రష్షులు తీసి బయట బకెట్లో పడేసింది. సంచిని సబ్బు పెట్టి ఉతికి, ఎండలో ఆరేసింది.

"నాకా అమ్మా?" అన్నాను.

"నీకు సంఘంవాళ్ళు కొత్తది కొంటారుగా. అది మీ అక్కది." అని, బస్సు కింద కాళ్ళు మాత్రమే కనపడుతున్న బాబాయి దగ్గరికి వెళ్ళి, ఆ కాళ్ళతోనే మాట్లాడింది. "మేస్త్రీ, ఏడాదికి ఒక్కరన్నావుగా. వచ్చే ఏడాది ఎవరినైనా అనుకున్నారా?"

"అనుకున్నాం వదినా," అన్నాయి కాళ్ళు. "నువ్వు అడుగుతావని చూస్తున్నాం."

ఎండాకాలం చివరి పరీక్షలో ప్రశ్నలు చదువుతుంటే గోతి గోడే కళ్ళ ముందు కనిపించింది. సీటు వచ్చింది. ఆ వార్త చెబితే బాబాయి, "సరే, మొదటి ట్రిప్పు ఎప్పుడు?" అని మాత్రం అడిగాడు. తర్వాత గోతిలోకి దిగి చాలాసేపు పైకి రాలేదు. పని ఏమీ లేకపోయినా లోపలే ఉన్నాడని గాలి మామ ఊరంతా చెప్పాడు.

కాలేజీ తెరిచిన రోజు పొద్దున్నే షెడ్డు ముందు బస్సు సిద్ధంగా ఉంది. ఇస్త్రీ చొక్కాలు మళ్ళీ బయటికొచ్చాయి. ఆ రోజు డ్యూటీ లేనివాళ్ళంతా ఎక్కి కూర్చున్నారు. నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టారు. అట్టపెట్టెల షెడ్డుకి వెళ్తూ అక్క కింద నిలబడి కొత్త సంచి అందించి, "స్టాపు దాటిపోకు," అంది. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు.

అప్పుడు అమ్మ వచ్చింది. చేతుల్లో ఇంకా నురగ ఉంది. మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. ఇన్నేళ్ళుగా ఎన్ని బస్సులు కడిగిందో, ఏ ఒక్కదాని మొదటి ట్రిప్పుకీ అమ్మని ఎవరూ పిలవలేదు. కడగడం రిపేరు కాదు కదా అని అందరూ అనుకున్నారు. అమ్మ కూడా అలాగే అనుకుంది.

"ఏంటొదినా?" అన్నాడు బాబాయి.

"ఎవరి చెయ్యి పడితే వాళ్ళు ఎక్కాలన్నావుగా మేస్త్రీ," అంది అమ్మ. "దీని మీద మీ అందరికంటే ముందు పడింది నా చెయ్యే."

బాబాయి గబుక్కున లేచి నిలబడ్డాడు. ఆయన్ని చూసి గాలి మామ, ఆయన్ని చూసి మిగతావాళ్ళు, అందరూ లేచి నిలబడ్డారు. అన్ని సీట్లూ ఖాళీ. అమ్మకి ఎక్కడ కూర్చోవాలో తెలీలేదు.

చివరికి వచ్చి నా పక్కన కూర్చుంది. బస్సు కదిలింది. కాసేపు బయటికి చూసి, కిటికీ అద్దం మీద చిన్న మరక కనిపిస్తే వేలితో గీకింది.

"లోపల్నుంచి చూస్తే గానీ తెలీదు," అని, తడి చేత్తో నా చెయ్యి పట్టుకుంది.